ఇంట్లో చేసుకునే ఫొటో సరంజామా: ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

కెమెరా కొన్నవాడి ఖర్చు కెమెరాతో ఆగదు. స్టాండు, రిఫ్లెక్టరు, లైటు, దానికో గొడుగు, దగ్గరి ఫొటోలకు ఇంకో లెన్సు, ఇవన్నీ మోయడానికి సంచీ. ఒక్కొక్కటీ చూస్తే చిన్న మొత్తమే, కూడితే కళ్ళు తిరుగుతాయి. ఫోనుతో తీసేవాళ్ళకూ ఇదే వరస. అత్తిలి, తణుకు, తాడేపల్లిగూడెం లాంటి ఊళ్ళలో పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ ఫొటోలు తీసి బతికేవాళ్ళున్నారు. చేత్తో చేసిన వస్తువును ఫోనులో ఫొటో తీసి వాట్సాప్‌లో అమ్ముకునే ఆడవాళ్ళున్నారు. వీళ్ళకు ఈ సామాను ఇంట్లో చేసుకోవడం కాలక్షేపం కింద రాదు, నెల ఖర్చులో తేడా కింద వస్తుంది.

సలహాలకైతే కొదవ లేదు. పాల ప్యాకెట్టుతో డిఫ్యూజరు, ప్లాస్టిక్ గొట్టంతో మాక్రో లెన్సు అంటూ ఎన్ని వీడియోలైనా దొరుకుతాయి. వాటిలో ఏది నిలుస్తుంది, ఏది రెండు రోజుల ముచ్చట, ఏది కెమెరాకే ఎసరు పెడుతుంది అన్నది తేల్చి చెప్పేవాళ్ళు తక్కువ. నా తీర్పు ముందే చెప్పేస్తాను. వెలుగును మలిచే సామాను దాదాపు అంతా ఇంట్లో చేసుకోవచ్చు, కొన్నదానికి అది తీసిపోదు. కెమెరా బరువు మోసేవాటిలో సగం చేసుకోవచ్చు. లెన్సును తాకేవాటి దగ్గర వెనకా ముందూ చూసుకోవాలి. కరెంటు జోలికి పోకూడదు. వీటన్నిటికంటే ముందు మన గోదావరి డెల్టాలో చేసుకోవలసింది ఇంకొకటుంది, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

వెలుగు సంగతిలో మూలసూత్రం ఒక్కటే. ఫొటో దిగే మనిషి వైపు నుంచి చూస్తే వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దగా ఉంటే నీడ అంత మెత్తగా పడుతుంది. మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఆకాశంలో ఓ చిన్న బిళ్ళ, కాబట్టి ముక్కు కింద నీడ నల్లగా, పదునుగా ఉంటుంది. మబ్బు పడితే ఆకాశం మొత్తం దీపమవుతుంది, నీడ దాదాపు మాయమవుతుంది. పెంకుటింటి వసారాలో కూర్చోబెట్టి తీసిన నాయనమ్మ ఫొటో అంత బాగా రావడానికి కారణం అదే. ఎండ నేరుగా తగలదు, ఎదురుగా ఉన్న వాకిలంతా వెలుగునిస్తుంది. ఈ సూత్రం పట్టుబడితే ఇక వస్తువు ఏదైనా పరవాలేదు. తెల్ల పంచె, థర్మోకోల్ షీటు, ట్రేసింగ్ పేపరు, అన్నీ చిన్న దీపాన్ని పెద్దది చేసే సాధనాలే.

దీనికి మన దేశంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1956లో వచ్చిన సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’ కోసం కాశీలోని పాత ఇంటి లోపలి భాగాన్ని ఆరుబయట కట్టాలనుకున్నారు. వానల భయంతో ఆ ఆలోచన మానుకుని కలకత్తా స్టూడియోలో సెట్ వేశారు. నాలుగు వైపులా గదులు, మధ్యలో ముంగిలి, పైనుంచి ఆకాశపు వెలుగు దిగే ఇల్లు అది. స్టూడియో లైట్లు నేరుగా వేస్తే ఒక్కో లైటుకు ఒక్కో నీడ పడి, కాశీ ఇల్లు కాస్తా నాటకాల వేదిక అయిపోతుంది. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్ పైన తెల్లగుడ్డ బిగించి, కింద నుంచి లైట్లు దాని మీదికి కొట్టించాడు. గుడ్డ మీద పడి తిరిగొచ్చిన వెలుగు ఆకాశపు వెలుగైంది. ఆ పద్ధతి తరవాత సినిమా చిత్రీకరణలో పాఠమైంది, దానికి కావలసిన ముడిసరుకు మాత్రం గుడ్డ. మన సినిమా యూనిట్లలోనూ థర్మోకోల్ షీటు, బటర్ పేపరు ఈనాటికీ వాడుకలో ఉన్నాయి. కోట్ల బడ్జెట్ సినిమాలోనూ కథానాయిక ముఖం మీది వెలుగు చాలాసార్లు ఒక తెల్ల షీటు మీద నుంచి తిరిగి వచ్చిందే.

కాబట్టి ఇంట్లో మొదట చేసుకోవలసింది రిఫ్లెక్టరు. స్టేషనరీ షాపులో దొరికే మీటరు పొడుగు థర్మోకోల్ షీటు చాలు. ఒకవైపు తెల్లగా ఉంచి, రెండోవైపు నల్ల చార్టు అంటించండి. తెల్లవైపు నీడను నింపుతుంది, నల్లవైపు అక్కర్లేని వెలుగును మింగేసి ముఖానికి ఆకారం ఇస్తుంది. చార్టు బదులు స్ప్రే పెయింటు కొట్టారో, అందులోని ద్రావకానికి థర్మోకోల్ కరిగి గుంటలు పడుతుంది. అంటించే జిగురు కూడా ఫెవికాల్ లాంటి నీటి జిగురే అయి ఉండాలి. వంటింటి అల్యూమినియం రేకును బాగా నలిపి, మళ్ళీ సాగదీసి అట్టకు అంటిస్తే ఇంకా గట్టి వెలుగు వస్తుంది, కానీ దగ్గరగా పెడితే ముఖం జిడ్డుగా కనిపిస్తుంది. దాన్ని దూరం నుంచి జుట్టు అంచుల మీదికి కొట్టడానికి మాత్రమే వాడతాను.

మన ఊళ్ళలో ఇంకో ముడిసరుకు ఉచితంగా దొరుకుతుంది, పాత ఫ్లెక్సీ. నాయకుల పుట్టినరోజులూ జాతరలూ అయిపోయాక అవి గడ్డివాముల మీదికీ పశువుల పాకల మీదికీ చేరతాయి. వెనకవైపు తెల్లగా ఉన్నది మనిషి నిలువెత్తు రిఫ్లెక్టరు అవుతుంది, కొన్నిటికి వెనక నలుపు ఉంటుంది, అది నల్ల తెర అవుతుంది. వానలో నేల మీద పరుచుకుని పడుకుని తీయడానికీ పనికొస్తుంది. దాని లోపం మెరుపు. నేరుగా లైటు పడితే తెల్లటి మచ్చ మెరుస్తుంది, అందుకని బ్యాక్‌గ్రౌండుగా వాడేటప్పుడు లైటును పక్కకు తిప్పాలి.

తెల్లగుడ్డ గురించి ఒక సూక్ష్మం చెప్పాలి. ఉతికిన పంచెకు మన ఇళ్ళలో నీలిమందు పెడతారు. డిటర్జెంట్లలో కూడా బట్టను మరింత తెల్లగా చూపించే రసాయనాలుంటాయి. కంటికి అది మల్లెపువ్వు తెలుపే, కెమెరాకు మాత్రం నీలం ఛాయ. ఆ పంచె మీద నుంచి వచ్చిన వెలుగులో పెళ్ళికూతురి ముఖం మీద పసుపు ఛాయ చల్లబడి, చర్మం కాస్త బూడిదగా కనిపిస్తుంది. సంగతి తెలియనివాళ్ళు మేకప్‌ను తప్పుపడతారు. నీలిమందు తగలని కోరా మల్లు గుడ్డ కొని రిఫ్లెక్టరుకే కేటాయించడం దీనికి మందు. ఇలాంటిదే పొలం గట్టు మీద ఇంకో చిక్కు. పచ్చటి వరిచేను మధ్య మనిషిని నిలబెడితే కింద నుంచి ఆకుపచ్చ వెలుగు గడ్డం కిందికి, చెంపల మీదికి ఎక్కుతుంది. అత్తిలి చుట్టుపక్కల సార్వా చేలల్లో తీసే ప్రీవెడ్డింగ్ ఫొటోలు చాలావాటిలో ఇది కనిపిస్తుంది. ఫ్రేములో పడకుండా కాళ్ళ ముందు ఓ తెల్ల దుప్పటి పరిస్తే చాలు, కంప్యూటర్‌లో గంట పని తప్పుతుంది.

పాల ప్యాకెట్టు, ఐస్‌క్రీమ్ డబ్బా మూత లాంటివి ఫ్లాష్ ముందు కట్టే చిట్కా బాగా ప్రచారంలో ఉంది. అది సగం నిజం. ఆ మూత ఫ్లాష్ కంటే అంత పెద్దదేమీ కాదు, కాబట్టి ఆరుబయట నీడ మెత్తబడదు, వెలుగు మాత్రం తగ్గుతుంది. గదిలో మేలు కనిపిస్తుందంటే, చెదిరిన వెలుగు తెల్లగోడల మీదా కప్పు మీదా పడి తిరిగి రావడం వల్ల. అప్పుడైతే ఫ్లాష్ తలను కప్పు వైపు తిప్పితే ఇంకా బాగుంటుంది, మూత అక్కర్లేదు.

వస్తువుల ఫొటోలకు అట్టపెట్టె పద్ధతి వీటన్నిటిలోకీ మేలైనది. టీవీ వచ్చిన పెట్టెకు మూడువైపులా కిటికీలు కోసి, ట్రేసింగ్ పేపరు అంటించి, లోపల వెనకగోడ నుంచి నేల దాకా ఒకే తెల్ల చార్టును మడత పడకుండా వంపుగా జారవిడవాలి. బయట రెండు వైపులా ఒకే రకం ఎల్‌ఈడీ బల్బులు పెడితే రాత్రి కూడా పని నడుస్తుంది. ఈ ప్రాంతానికి ఇది ఎంత అవసరమో రెండు ఉదాహరణలు చెబుతాను. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వశిష్ఠ గోదావరి అవతల ఆత్రేయపురం పూతరేకులకు అంతకు ముందే 2023లో వచ్చింది. రెండూ ఫొటోకు లొంగని వస్తువులే.

లేసును తెల్ల చార్టు మీద పెడితే తెలుపులో తెలుపు కలిసిపోయి అల్లిక కనిపించదు. నల్లటి లేదా ముదురు మెరూన్ గుడ్డ మీద పరిచి, ఎదుటి కిటికీలు మూసి, ఒక్క పక్క నుంచి, దాదాపు గుడ్డకు సమాంతరంగా వెలుగు రానివ్వాలి. అప్పుడు ఒక్కో దారం తన నీడను పక్కనే పారేస్తుంది, ముడులు లేచి కనిపిస్తాయి. నలుపు ఎక్కువగా ఉండటంతో ఫోను పొరపడి ఫొటోను వెలిగించేస్తుంది, లేసు పాలిపోతుంది. తెర మీద లేసు దగ్గర వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగితే సరి. పూతరేకుకు వెలుగు వెనక నుంచి రావాలి. పలుచటి బియ్యపు పొర లోంచి వెలుగు దూరి, మడతల మధ్య బెల్లం పొడి గోధుమరంగుగా మెరుస్తుంది. ముందు వైపు నీడ పోవడానికి ఒక తెల్ల కార్డు నిలబెడితే చాలు. ఎదురుగా ఫ్లాష్ కొట్టిన పూతరేకు తెల్లకాగితం ముక్కలా ఉంటుంది, ఎవరికీ నోరూరదు.

బల్బుల విషయంలో మూడు జాగ్రత్తలు. పసుపు బల్బునూ తెల్ల బల్బునూ కలపొద్దు, ఆ రంగు తేడాను ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా సరిదిద్దలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్‌ఈడీలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. ఫొటోలో అడ్డచారలు వస్తే షట్టర్ వేగాన్ని సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో మార్చండి, పోతాయి. హాలోజన్ బల్బు దగ్గర థర్మోకోల్, కాగితం, పంచె ఏవీ పెట్టొద్దు, అంటుకుంటాయి. ఇక పాత కెమెరా ఫ్లాష్ విప్పి ఏదో తయారు చేద్దామనుకునేవాళ్ళు ఆ ఆలోచన మానుకోవాలి. బ్యాటరీ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో మూడువందల వోల్టుల దాకా నిలవ ఉండొచ్చు.

ఇప్పుడు కెమెరా కదలకుండా పట్టే సామాను.  చలికాలంలో కొల్లేరు సరస్సులో ఆటపాక దగ్గర పెలికాన్లను తీయడానికి వచ్చేవాళ్ళు పెద్ద పెద్ద ట్రైపాడ్లు మోసుకొస్తారు. పడవ ఎక్కాక అవి దండగ. పడవ కుదుపంతా మూడు కాళ్ళ గుండా కెమెరాకు ఎక్కుతుంది. అక్కడ పనికొచ్చేది గింజల సంచీ. పాత జీన్స్ ప్యాంటు కాలు మోకాలి కింద కోసి, లోపల ఇంకో పలుచటి గుడ్డసంచీ పెట్టి, కిలోన్నర బియ్యం పోసి మూతి బిగించి కట్టేయాలి. పడవ అంచు మీద, గట్టు మీద, కారు కిటికీ మీద ఎక్కడ వేసినా ఆ ఆకారానికి సర్దుకుని లెన్సును పట్టేస్తుంది. ఊక పోయమనేవాళ్ళున్నారు, తేలికే కానీ సన్నటి నుసి కుట్ల లోంచి రాలి లెన్సు రింగులోకి పోతుంది. మనకు దగ్గర్లోని మార్టేరు వరి పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ రకం బియ్యం ఈ ప్రాంతంలో ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి. ఖాళీ సంచీ మోసుకెళ్ళి అక్కడ నింపుకోవడం తెలివైన పని. ఎంత మంచి సంచీ ఉన్నా గూళ్ళ దగ్గరికి పడవ తోలించొద్దు. పక్షి లేచిపోతే గుడ్లకు ఎండ తగులుతుంది, కాకులు కాచుకుని ఉంటాయి.

తాడు స్టాండు ఇంకా చవక. కెమెరా అడుగున ఉండే రంధ్రానికి సరిపడే బోల్టు బిగించి, దానికి పురికొస కట్టి, రెండో కొసను కాలితో తొక్కి పైకి లాగి పట్టుకుంటే నిలువు వణుకు బాగా తగ్గుతుంది. ఇక్కడ బోల్టు ఎంపికే ముఖ్యం. ప్రపంచంలో దాదాపు అన్ని కెమెరాలకూ ఆ రంధ్రం పావంగుళానిది, అంగుళానికి 20 చుట్లు. మన హార్డ్‌వేర్ షాపులో బోల్టు అడిగితే చాలాసార్లు 6 మి.మీ. బోల్టు చేతిలో పెడతారు. చూడటానికి రెండూ ఒకటే, కానీ పావంగుళమంటే 6.35 మి.మీ., చుట్ల దూరం 1.27 మి.మీ. ఆరు మి.మీ. బోల్టుకు చుట్ల దూరం 1 మి.మీ. మాత్రమే. అది ఒకటి రెండు చుట్లు ఎక్కి వదులుగా ఊగుతుంది, బలవంతం చేస్తే మరలు అరిగిపోతాయి. ‘పావంగుళం విట్‌వర్త్’ అని అడిగి తీసుకోండి. మర కోణంలో కొద్ది తేడా ఉన్నా చుట్లు అవే, ఈ పనికి సరిపోతుంది. రంధ్రం లోతు అయిదు మి.మీ.కు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి, పొడవు ఎక్కువైతే వాషర్లు వేసి తగ్గించాలి. పొడుగు బోల్టు కెమెరా అడుగును పగలగొడుతుంది.

లైటు పెట్టుకోవడానికి ఖాళీ పెయింటు డబ్బాలో సిమెంటు పోసి వెదురు బొంగు నాటిన స్టాండు ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఫోనుకు పీవీసీ పైపు ముక్కల స్టాండు సరిపోతుంది. పెద్ద కెమెరాను మాత్రం ఇలాంటి వాటి మీద నిలబెట్టొద్దు. వందల్లో మిగుల్చుకుని వేలల్లో పోగొట్టుకునే బేరం అది. కెమెరాకు ట్రైపాడ్ కొనండి, పాతదైనా సరే గట్టిది.

లెన్సు దగ్గరికొస్తే చిట్కాల్లో వాసి బాగా మారుతుంది. నాకు నచ్చింది చత్వారం అద్దాల పద్ధతి. కళ్ళజోళ్ళ షాపులో మిగిలిపోయిన ప్లస్ 3 అద్దం ఒకటి అడిగి తెచ్చుకుని, అట్ట చట్రంలో బిగించి లెన్సు ముందు పెడితే, దూరానికి ఫోకస్ చేసి ఉన్న కెమెరా 33 సెంటీమీటర్ల దగ్గరికి చూస్తుంది. ప్లస్ 2 అయితే అర మీటరు. అంచుల్లో కాస్త మసక వస్తుంది, పువ్వుకూ సీతాకోకచిలుకకూ ఆ మసక అందమే. కెమెరాకు ఏ హానీ లేదు. లెన్సును తిప్పి బిగించడం కూడా మంచి ఫలితం ఇస్తుంది, చీమ తల తెర నిండుతుంది. కానీ లెన్సు వెనక భాగం బయటికొచ్చి గాలికీ గీతలకూ గురవుతుంది, అందుకు దొరికే చిన్న రింగు కొనడం మంచిది. ప్లాస్టిక్ గొట్టాన్ని కెమెరాకూ లెన్సుకూ మధ్య పెట్టడం నేను వద్దంటాను. లెక్క సరైనదే, 50 మి.మీ. లెన్సును 50 మి.మీ. ముందుకు జరిపితే వస్తువు అసలు సైజులో సెన్సర్ మీద పడుతుంది. గొట్టం కోసినప్పటి పొడి కూడా ఆ సెన్సర్ మీదే పడుతుంది.

ఫోను లెన్సు మీద నీటిబొట్టు వేసే ఆట పిల్లలకు చూపించండి, మీ ఖరీదైన ఫోనుతో కాదు. చిన్న గోళీ లాంటి లెన్సుకు ఎంత శక్తి ఉందో 2014లో స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం కాగితంతో చేసిన సూక్ష్మదర్శిని ఫోల్డ్‌స్కోప్ నిరూపించింది. సూది బెజ్జం కెమెరా బడిలో చేయించదగ్గ పని. పది సెంటీమీటర్ల లోతు డబ్బాకు దాదాపు అర మి.మీ. బెజ్జం సరిపోతుంది. బెజ్జం గుండ్రంగా, అంచులు నున్నగా ఉండాలి, కూల్‌డ్రింక్ టిన్ను రేకు దీనికి చక్కగా కుదురుతుంది. సూర్యుణ్ణి మాత్రం ఎక్స్‌రే ఫిల్ము, పొగ పట్టిన గాజు లాంటి వాటి లోంచి చూడొద్దు, కెమెరాతోనూ తీయొద్దు.

ఇక మన డెల్టాలో అన్నిటికంటే ముందు చేసుకోవాలని మొదట్లో చెప్పిన ఆ ఇంకొకటి. కాలవలు, చెరువులు, చేపల గుంటలు నిండిన మన నేల మీద వానాకాలంలో గాలిలో తేమ ఎనభై శాతం దాటడం మామూలే. బీరువాలో బట్టల మధ్య, తోలు సంచీలో దాచిన లెన్సులో సాలెగూడు లాంటి బూజు పడుతుంది. మొదట అంచున ఓ తెల్ల పోగు, తరవాత కొమ్మలు. అది గాజు పూతను తినేస్తే ఎంత శుభ్రం చేసినా మచ్చ పోదు. ఈ ప్రాంతంలో లెన్సులు పాడవడానికి కింద పడటం కంటే ఇదే పెద్ద కారణమని నా నమ్మకం. దీనికి రబ్బరు అంచున్న, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా ఒకటి, అడుగున సిలికా జెల్ పావుకిలో, లోపల తేమ చూపించే చిన్న డిజిటల్ మీటరు చాలు. మీటరు 40, 50 మధ్య ఉండాలి. అరవై దాటితే గింజలు తడిశాయని అర్థం, మందపాటి మూకుడులో సన్నటి సెగ మీద వేయిస్తే మళ్ళీ పనికొస్తాయి. రంగు మారే గింజల్లో నీలం రకం కోబాల్ట్ కలిసినది, వంట గిన్నెల్లో వేయించొద్దు, నారింజ రకం తీసుకోండి. సిలికా బదులు బియ్యం పోస్తే తేమ పీల్చేది కొంచెమే, పొడి మాత్రం వస్తుంది. కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్ వేలల్లో ఉంటుంది, ఈ డబ్బా వందల్లో అయిపోతుంది, పని అదే.

అన్నీ ఇంట్లోనే చేసుకోవాలన్న పట్టుదల కూడా ఇప్పుడు అక్కర్లేదు. చిన్న ట్రైపాడ్లు, ఫోను హోల్డర్లు ఆన్‌లైన్లో ఎంత చవకయ్యాయంటే పైపులు, జిగురు కొనే ఖర్చుకే అవి వస్తున్నాయి. త్రీడీ ప్రింటర్లు మన పట్టణాలకూ చేరుతున్నాయి, కావలసిన కొలతకు అడాప్టర్ అచ్చు వేయించుకోవచ్చు. పీఎల్ఏ ప్లాస్టిక్‌తో వేయిస్తే మాత్రం అరవై డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, వేసవిలో ఎండకు నిలిపిన కారులో అది వంగిపోవడం ఖాయం. పెట్‌జీ అడగండి.

చేతనైనవాళ్ళకు ఒక మనవి. మీ వీధిలో లేసు అల్లే అక్క, ఆవకాయ పెట్టి అమ్మే పిన్ని, పూతరేకులు చుట్టే వదిన ఎవరో ఒకరుంటారు. సరుకు బాగున్నా ఫొటో మసకగా ఉండి బేరాలు పోగొట్టుకుంటుంటారు. ఒక ఆదివారం పూట అట్టపెట్టె, ట్రేసింగ్ పేపరు పట్టుకెళ్ళి వాళ్ళకో లైట్ బాక్సు చేసివ్వండి, వాడటం దగ్గరుండి నేర్పించండి.